మెత్తటి మట్టి

రెండో మజిలీ, వికారాబాద్ కొండలు
అక్టోబరు, ఆదివారం

ఇరమ్ బిడ్డకు మామూ దువాలు.

నేను బాగానే ఉన్నాను. ముక్కు ఒక్కటే బాగాలేదు. దేవుడు నన్ను ముక్కు లేకుండా పుట్టించి ఉంటే ఈ ఉద్యోగానికి సరిగ్గా సరిపోయేవాడిని.

తాండూరు ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని, మన కొండ బాట నడవడానికి వచ్చేవాళ్ల కోసం నువ్వు రాసిన నియమాల కాగితాన్ని ఇక్కడ గుడారాల పక్క చెట్టుకు కట్టాను. తెచ్చినదంతా తిరిగి తీసుకుపోవాలి. వాగులో సబ్బు వాడరాదు. పాత పొయ్యిలోనే మంట వేయాలి. పాటలు పెట్టరాదు. కాలకృత్యాలకు వాగుకు దూరంగా వెళ్లి, జానెడు లోతు గొయ్యి తీసి, పని కాగానే మట్టి కప్పాలి. బాగా రాశావు. మొన్న వచ్చిన పట్నం గుంపులో ఒకాయన దాన్ని నాటకంలో డైలాగులా గట్టిగా చదివి, అందరినీ నవ్వించి, దాని కిందే గుట్కా ఉమ్మేశాడు.

వాళ్లు పొద్దున్నే మూడో మజిలీకి నడిచిపోయారు. నేను వెనక శుభ్రం చేయడానికి దిగాను. ఒక్కో బండ వెనక ఒక్కొక్కరి ఘనకార్యం. కప్పలేదు, కనీసం ఆకు కూడా వేయలేదు. చంటిపిల్లలను తుడిచే తడి కాగితాలట, పెద్దవాళ్లు వాడి తంగేడు కొమ్మలకు తగిలించి పోయారు. వాగులో కోడి ఎముకలు, నూడుల్స్, పైన సబ్బు నురగ. గొయ్యి తీసుకోవడానికి మనం ఇచ్చిన చిన్న పార ఉంది కదా, దానితో నిప్పులు ఎగదోసి కోడిని కాల్చుకున్నారు. అసలు పనికి మాత్రం వాడలేదు. ఈగలు నా మూతి మీద కూడా వాలాయి. అవి అంతకుముందు ఎక్కడ వాలి వచ్చాయో తలచుకుని రెండు పూటలు అన్నం మానేశాను.

ఇది చాలదన్నట్టు కింది పల్లె నుంచి బీరమ్మ బిందె ఎత్తుకుని వచ్చింది. బిందెను నా ముందు దించి, అందులో నుంచి ఒక కాగితాన్ని కట్టెతో పైకి తీసింది.

"తాజన్నా, జర జూడు. గిది ఏందో ఎరికేనా? గీ నీళ్లే మా పోరగాళ్లు తాగుతరు. ఇంకోపారి గిట్ల వచ్చిందంటే మీ బాట లేదు, మీ గుడారం లేదు. ముండ్లకంప కొట్టి అడ్డమేస్తం. తర్వాత నన్ను అనొద్దు."

తలవంచుకుని, ఆ కాగితాన్ని నా చేత్తోనే తీసుకున్నాను. ఇక్కడ నుంచి కర్ణాటక దాకా పోయే బాట, ఒక బిందె దగ్గర ఆగిపోయేలా ఉంది. ఏదో ఒకటి చెయ్యి.

ఇక్కడ ఫోను పలకదని నీకు తెలుసు. నీకు ఉర్దూ చదవడం రాదు, నాకు ఫోనులో వేలితో రాయడం రాదు. కాబట్టి బడిలో నేర్చిన తెలుగులోనే రాసి, సామాను తెచ్చే పరశురాం ఆటోలో పంపిస్తున్నాను. కాగితం ముట్టుకునే ముందు చేతులు కడుక్కున్నాను, భయపడకు.

మీ మామూ,
తాజ్ మొహమ్మద్


తాండూరు
అక్టోబరు, బుధవారం

మామూకు సలాం.

మీ ఉత్తరం అన్నం తింటూ విప్పాను. తప్పు నాదే. పప్పు గిన్నె పక్కకు నెట్టేశాను, నాన్న "ఏమైంది బేటీ" అంటే కడుపులో బాగాలేదన్నాను. అదేమీ అబద్ధం కాదు.

మీరు అక్కడ చూసేది మేం ఇక్కడ వాసన చూస్తాం. బాట నడిచి వచ్చినవాళ్లు అద్దెకు తీసుకున్న పడక సంచులు తిరిగి ఇస్తారు కదా, మొన్న ఒక దాంట్లో చెయ్యి పెడితే గుడ్డు బిర్యానీ చేతికి వచ్చింది. నాలుగు రోజుల నాటిది. ఇంకోదాంట్లో ఏముందో రాయను, మీరు మళ్లీ రెండు పూటలు మానేస్తారు. వీళ్లంతా చదువుకున్నవాళ్లు, మామూ. అడవి అంటే ప్రాణం అని ఫారం మీద రాస్తారు.

కానీ నియమాన్ని ఎగతాళి చేయకండి. మీరు కాగితం అంటున్నారు గానీ, లోకంలో పెద్ద పెద్ద బాటలన్నీ దాని మీదే నిలబడ్డాయి. లోపం నియమంలో లేదు, దూరంగా పొమ్మని చెప్పి ఎటు పొమ్మంటున్నామో చూపించకపోవడంలో ఉంది. మనవాళ్లకు "దూరంగా" అంటే చాలదు, వేలు పెట్టి చూపించాలి. మజిలీ చుట్టూ అంతా మొరం, పార దిగదు. ఎక్కడో ఒకచోట మెత్తటి నేల ఉండకపోదు. కంప్యూటర్లో కొండను పైనుంచి చూపించే పటం ఉంది, దాంట్లో వెతుకుతాను. బీరమ్మ నీళ్లను కాపాడే పూచీ నాది.

మీరు మాత్రం కంటి ఆపరేషన్ ఇంకోసారి వాయిదా వేయకండి. "మా నాన్న నా మాట వినడం లేదు" అని సైరా అక్క ఫోన్ చేసి ఏడ్చింది. వికారాబాద్‌లో అక్క ఇంట్లోనే నెల రోజులు ఉండండి. మా ఆఫీసులో పనిచేసే రాజేందర్‌ను మజిలీకి పంపిస్తున్నాను. మంచివాడు, చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు.

అన్నట్టు, మొన్న బస్సులో వస్తూ కొండ మలుపులో తెల్ల గోడ కనపడగానే ఎప్పటిలాగే అమ్మకు చెయ్యెత్తి సలాం చేశాను. పక్కన కూర్చున్నావిడ తనకే అనుకుని నవ్వింది. మన ఇళ్లలో ఆడవాళ్లు సమాధులు చూడడానికి కబరస్తాన్‌కు పోరు కదా, అమ్మ దగ్గర నాకు దక్కింది ఆ కిటికీ సలాం ఒక్కటే. చిన్నప్పుడు మీరు చూపించి ఉండకపోతే అదీ ఉండేది కాదు.

మీ ఇరమ్


వికారాబాద్
నవంబరు

ఇరమ్ బిడ్డకు దువాలు.

ఒక కంటికి కట్టు ఉంది. అక్షరాలు వంకర పోతే కన్ను చేసిన పని అనుకో, నా పని కాదు.

ఆపరేషన్ బాగానే అయింది. ఆస్పత్రి వార్డు మాత్రం మన మజిలీకి పెద్దన్న. పక్క మంచం ముసలాయన తన కంటి పుసిని దుప్పటికి తుడిచి, అదే దుప్పటి నాకు కప్పబోయాడు, చలి వేస్తోందేమోనని. మంచి మనసే. నేను గోడకు అతుక్కుపోయాను.

మజిలీ ఎలా ఉంది? రాజేందర్‌కు చెప్పు, గుడారాలు దాటి ఎవరినీ అటూ ఇటూ తిరగనివ్వొద్దని. నేను ఉన్నన్నాళ్లూ వాళ్లను వాగు వైపే ఉంచాను, సీతాఫలం పొదల వైపు పోనివ్వలేదు. అటు తేళ్లు ఎక్కువ.

బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు. ఎదురు బస్సులు చూసుకోవు.

మామూ


తాండూరు
నవంబరు

మామూకు సలాం.

శుభవార్త. ఈసారి మీరు అన్నం తింటూ చదవొచ్చు.

చోటు దొరికింది! పటంలో మజిలీ చుట్టూ అంతా ఎర్రగా, రాయిగా కనపడుతుంటే ఒక్కచోట మాత్రం చదునుగా, కొంచెం గోధుమ రంగులో కనపడింది. మీరు తేళ్లు అన్నారే, ఆ పొదల వెనకే. వాగు అటు పారదు, వాన నీరు కూడా అవతలి లోయలోకి పోతుంది. బాట మీదికి కనపడదు. దాని మీద వేలు పెట్టి "ఇక్కడ" అన్నాను. రాజేందర్ వెళ్లి చూసి వచ్చి ఏమన్నాడో తెలుసా?

"మేడం, ఆ గుట్ట మొత్తంల గసొంటి మట్టి ఏడ లేదు. పార వెడితే పిండిల దిగినట్టు దిగుతది. ఎవలో మన కోసమే దవ్వి పెట్టినట్టున్నది."

తేళ్లు కూడా కనపడలేదట. అక్కడ బోర్డు పాతించాను. "కాలకృత్యాలకు ఇటు" అని బాణం గుర్తు. బోర్డు గాలికి పడిపోకుండా, రాజేందర్ అక్కడే పడి ఉన్న రాళ్లు ఏరి దాని చుట్టూ పేర్చాడట. మంచి కుదురైన రాళ్లు దొరికాయన్నాడు.

నమ్మండి, మూడు గుంపులు వచ్చి వెళ్లాయి, వాగులో ఒక్క కాగితం లేదు. అందరూ అక్కడికే పోతున్నారు, జానెడు లోతు తీస్తున్నారు, కప్పుతున్నారు, మళ్లీ అక్కడే ఇంకొకరు తవ్వకుండా పైన పుల్ల కూడా గుచ్చుతున్నారు. నేను రాసిన నియమాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించడం మొదటిసారి చూశాను. బీరమ్మ రాజేందర్‌కు జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు ఇచ్చిందట. ముండ్లకంప మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంతకాలం నా కాగితాన్ని ఎగతాళి చేశారు కదా. ఇప్పుడు చెప్పండి.

మీ ఇరమ్


వికారాబాద్
నవంబరు

ఇరమ్,

ఆ బోర్డు తీసేయించు. ఈ ఉత్తరం అందిన రోజే తీసేయించు.

అక్కడ పాములు ఉన్నాయి. చీమల పుట్టలు కూడా. ఇంకో చోటు చూడు. కారణం ఎక్కువగా అడగకు.

తాజ్ మొహమ్మద్


తాండూరు
డిసెంబరు

మామూకు సలాం.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దువా లేదు, ఎగతాళి లేదు, బిడ్డా అన్న మాట కూడా లేదు. అది మీరు రాసినట్టే లేదు.

మొదట తేళ్లు అన్నారు. తేళ్లు లేవంటే పాములు, పాములతో పాటు చీమలు. ఇంకో ఉత్తరం రాస్తే పులి వస్తుందేమో. మామూ, నేను చిన్నపిల్లను కాను. నేను చేసిన పని పనిచేసింది, అది మీకు నచ్చలేదు. ఆ మాట సూటిగా అనండి, పడతాను.

బోర్డు తీస్తే ఏమవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. మళ్లీ బండల వెనక, మళ్లీ వాగులో, మళ్లీ బీరమ్మ బిందెలో. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఒకసారి శుభ్రపడిన నీళ్లను నా చేత్తో నేనే మళ్లీ పాడు చేయమంటారా? ఆమె మనవలు తాగే నీళ్లు. కొత్త సంవత్సరానికి నలభై మంది గుంపు వస్తోంది. వాళ్లను ఏ బండ మీదికి పంపమంటారు?

కారణం చెప్పండి. నిజమైన కారణం. చెబితే ఆ రోజే తీసేస్తాను. చెప్పకపోతే బోర్డు అక్కడే ఉంటుంది. నాకు కోపం వచ్చింది, దాచుకోను.

కన్ను ఎలా ఉంది? మందు వేసుకుంటున్నారా?

ఇరమ్


రెండో మజిలీ
డిసెంబరు

బిడ్డా,

సైరా వద్దన్నా వినకుండా నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మజిలీకి వచ్చేశాను. ఇది కూర్చుని చదువు. నాన్న పక్కన లేనప్పుడు చదువు.

పాములు లేవు. ఉంటే బాగుండేది.

నువ్వు అడిగిన కారణాన్ని చెప్పకుండా ఎలాగైనా ఆ బోర్డు తీయించాలని చూశాను. అబద్ధమాడడం చేతకాక చెడగొట్టుకున్నాను. నలభై మంది వస్తారని నువ్వు రాశాక ఇక దాచే వీలు లేదు.

మీ అమ్మ ముబీనా ఆ తెల్ల గోడ వెనక లేదు. అది ఎవరో పెద్దాయన దర్గా ప్రహరీ. నువ్వు చిన్నపిల్లవు, బస్సులో నా ఒళ్లో కూర్చుని "అమ్మ ఏడున్నది మామూ?" అని అడిగావు. నేను కొండ వైపు చెయ్యి చూపించాను. కొండ మొత్తానికి చూపించాను, ఇంకేం చూపిస్తాను? నీ కళ్లకు తెల్ల గోడ కనపడింది. "గదేనా?" అని ఎగిరి, రెండు చేతులతో సలాం చేశావు. బస్సులో అందరూ నవ్వారు. అంత సంబరంగా చేసిన సలామును కాదనడానికి నాకు నోరు రాలేదు. తర్వాత ప్రతిసారీ రాలేదు.

ఇప్పుడు మనం గుడారాలు వేస్తున్న చోటే మా పాత గూడెం అని నీకు తెలుసు. నీ పురుటికి మీ అమ్మ పుట్టింటికి వచ్చింది ఇక్కడికే. నువ్వు దక్కావు, తను దక్కలేదు. గూడెం వెనక, సీతాఫలం పొదల అవతల మా కబరస్తాన్. పేదవాళ్ల సమాధులు, బిడ్డా. సిమెంటు లేదు, గోడ లేదు, పేర్లు లేవు. తల వైపు ఒక్కో రాయి. గూడెం ఖాళీ అయ్యాక ఇన్నేళ్ల వానలకు కుప్పలు చదునయ్యాయి. నీ ఆఫీసువాళ్లు చోటు చూడడానికి వచ్చినప్పుడు గుడారాల జాగా ఒక్కటే అడిగారు, నేను అదొక్కటే చూపించాను. పొదలు దాటకుండా నేను కాపలా ఉంటే చాలనుకున్నాను. కన్ను బాగు చేయించుకోవడానికి పోతాననుకోలేదు.

ఆ మట్టి ఎందుకు మెత్తగా ఉందని రాజేందర్ ఆశ్చర్యపోయాడు కదా. ఈ కొండ మీద తవ్వితే వచ్చేది మొరం, గులకరాళ్లు. అవి తన కూతురి మీద పడకూడదని మా అమ్మ పట్టుబట్టింది. కింది పొలాల నుంచి మట్టి తట్టలతో మోశాం. మోసి, జొన్నలు జల్లించే జల్లెడతో జల్లించి పోశాం. ఆ తర్వాత గూడెంలో ఎవరు పోయినా అలాగే చేశారు, మా అమ్మ మొదలుపెట్టిన మర్యాద అది. అందుకే మెత్తగా ఉంది.

నేను వచ్చేసరికి అక్కడ వరసగా పుల్లలు. పుల్ల పక్కన పుల్ల. కొన్ని గోతులు నక్కలు తోడినట్టున్నాయి, కాగితాలు బయటపడ్డాయి. నేను అడుగు వేసిన చోట నేల దిగింది. చెప్పులు అక్కడే వదిలేశాను, ఇక వేసుకోను. వాంతి వచ్చింది. అక్కడ వాంతి చేసుకోకూడదని నోరు మూసుకుని పొదల దాకా పరిగెత్తాను. ఈ వయసులో.

నాకు ఎవరి మీద అసహ్యపడాలో తెలియడం లేదు. తప్పు చేసినవాడు ఒక్కడున్నా వాడి గల్లా పట్టుకునేవాడిని. ఒక్కడూ లేడు. జానెడు లోతు తీశారు, కప్పారు, పుల్ల గుచ్చారు. ఇన్నాళ్లలో నియమం పాటించింది వీళ్లే. పాటించకుండా బండల వెనక కూర్చుని లేచి వెళ్లిన ఆ పాత గుంపు ముఖం మీద ఉమ్మాలనుకున్నవాడిని, ఇవాళ నాకు వాళ్లే నయం అనిపించింది. చూడు నా గతి.

బోర్డు చుట్టూ పేర్చిన రాళ్లు తల వైపు రాళ్లే. అన్నీ.

ఒక్క మాట. మీ అమ్మ చాలా లోతుగా ఉంది. జానెడు లోతు ఆమెను చేరదు. ఆ గొయ్యి తీసింది నేనే, నాకు తెలుసు.

మామూ


తాండూరు
డిసెంబరు

మామూకు సలాం.

మీ ఉత్తరం నాన్నకు చూపించలేదు. ఫ్యాక్టరీలో బండలకు పాలిష్ పట్టి వచ్చి నిద్రపోతున్నాడు. చూపించను కూడా.

నేను ఈ బల్ల దగ్గరే కూర్చుని పటంలో ఆ చోటు మీద వేలు పెట్టాను. "ఇక్కడ" అన్నాను. పొద్దుటి నుంచి ఆ వేలును చూసుకుంటున్నాను. దానితో అన్నం కలుపుకోలేకపోయాను.

కొత్త సంవత్సరం గుంపును రద్దు చేశాను. రెండో మజిలీని మూసేశాను. నడిచేవాళ్లు మొదటి మజిలీ నుంచి ఆగకుండా మూడో దానికి పోతారు, పోలేనివాళ్లు ఇంటికి పోతారు. రాజేందర్‌ను ఏమీ అనకండి. నేను చెప్పినట్టు చేశాడు.

గురువారం పరశురాం ఆటోలో వస్తున్నాను. చేతితొడుగులు, గోనె సంచులు, మూత ఉన్న డ్రమ్ములు, సున్నం తెస్తున్నాను. ఆడవాళ్లు కబరస్తాన్‌కు రారని మీరు చెప్పకండి. నా బోర్డు నాకంటే ముందే వచ్చింది.

తెచ్చినదంతా తిరిగి తీసుకుపోవాలి. అది నేను రాసిందే. వాళ్లు తీసుకుపోరు, నేను తీసుకుపోతాను. మీరు పార ముట్టుకోవద్దు, కంటికి దుమ్ము తగలకూడదు. దారి చూపించి దూరంగా నిలబడండి.

ఇరమ్


రెండో మజిలీ
జనవరి

ఇరమ్ బిడ్డకు మామూ దువాలు.

నీకు జ్వరం తగ్గిందని పరశురాం చెప్పాడు. డ్రమ్ములను పట్నం మురుగు శుద్ధి చేసే చోట అప్పగించి వచ్చావట. తన ఆటోను నాలుగుసార్లు కడిగానని కూడా చెప్పాడు. కడిగితే కడిగాడు గానీ, దారి పొడవునా ఒక్క మాట అనలేదట. ఆ మనిషికి రంజాన్‌కు కొత్త చొక్కా కొనాలి.

నువ్వు దూరంగా నిలబడమన్నావు, నిలబడ్డాను. నువ్వు ఒక్కో పుల్లనూ పీకి, మోకాళ్ల మీద కూర్చుని, చిన్న పారతో చుట్టూ మట్టితో సహా ఎత్తుతుంటే నేను అటు తిరిగి నిలబడ్డాను. ఏడుస్తున్నానని నువ్వు అనుకుని ఉంటావు. ఏడవలేదు. కక్కుకుంటున్నాను. లారీ డ్రైవరుగా ముప్పై ఏళ్లు రోడ్ల మీద చూడని కుళ్లు లేదనుకునేవాడిని. నువ్వు మాత్రం ముక్కుకు కట్టిన గుడ్డను ఒక్కసారే సరిచేసుకున్నావు. ముబీనాకు కూడా అసహ్యం ఎక్కువ, చేపను ముట్టుకోవడానికి ఏడ్చేది. నువ్వు ఎవరి పోలికో నాకు అర్థం కాలేదు.

నువ్వు పోయిన మర్నాడు బీరమ్మ వచ్చింది.

"గుడారాలు లేవు, పిల్లగాండ్లు లేరు. నిన్న ఎవలో పిల్ల దవ్వుతుంటే మా మనవడు జూసిండట. ఏం దవ్వింది తాజన్నా?"

చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కింద కూర్చుంది.

"నా నీళ్ల కోసమనా? గా నీళ్ల కోసం ముబీనక్క మీద చేసిన్రా?" అంది. "నేను లొల్లి చేయకుంటే గిట్ల కాకపోవు గదనే. నా పెండ్లికి గామెనే గదా నాకు గోరింటాకు పెట్టింది. థూ, నా బతుకు."

ఆమెకు కోపం ఎవరి మీదో నాకు తెలియలేదు, ఆమెకూ తెలిసినట్టు లేదు. లేచి వెళ్లింది. బిందెతో వాగు నీళ్లు తెచ్చి, నువ్వు తిరిగి పెట్టిన రాళ్లను ఒక్కోదాన్నీ కడిగింది. నీళ్లకు మూడుసార్లు వాగుకు పోయి వచ్చింది. నేను సాయం వస్తానంటే తిట్టింది.

ఇంకొక సంగతి. రాయకుండా ఉందామనుకున్నాను, కానీ అబద్ధాలు నాకు అచ్చిరావని తేలిపోయింది కదా. నువ్వు "అమ్మ రాయి ఏది మామూ" అంటే నేను వెంటనే ఒకటి చూపించాను. నువ్వు దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని పోయి పెట్టావు. బిడ్డా, చోటు అదే, దానికి ఒట్టు. రాయి ఏదో నాకు తెలియదు. అన్నీ కలిసిపోయాయి.

మామూ


తాండూరు
ఫిబ్రవరి

మామూకు సలాం.

జ్వరం పోయింది. చేతుల వాసన పోలేదు. లేదంటాడు నాన్న. నిమ్మ చెక్క రుద్దాను, వేపాకు నూరి రుద్దాను, పసుపు పెట్టాను. అన్నం స్పూనుతో తింటున్నాను, ఇంట్లో అందరూ నాకు నాజూకు ఎక్కువైందని నవ్వుతున్నారు.

బాట మళ్లీ తెరిచాం. రెండో మజిలీ ఇక లేదు. నియమాల కాగితంలో ఒక వాక్యం మార్చాను. గొయ్యి లేదు, పార లేదు. బిగుతు మూత ఉన్న డబ్బా ఒకటి ఇస్తాం. ఎవరిది వాళ్లు అందులో మోసుకుని తాండూరు దాకా తేవాలి, ఇక్కడ మరుగుదొడ్డిలో వదిలి, డబ్బా కడిగి నాకు చూపించాలి. తెచ్చినదంతా తిరిగి తీసుకుపోవాలంటే కడుపులో పెట్టుకుని తెచ్చింది కూడా. సగం మంది ఫోన్లోనే ఛీ అని పెట్టేశారు. మంచిదే. తమది తామే మోయలేనివాళ్లు మన కొండ ఎక్కొద్దు. మిగతావాళ్లు మోస్తున్నారు. ముఖాలు చిట్లించుకుని మోస్తున్నారు, చూడడానికి బాగుంటుంది. బీరమ్మ నీళ్లకు ఇక ఫికర్ లేదని చెప్పండి. ఆమె తప్పేమీ లేదని కూడా చెప్పండి, ఆమె నమ్మకపోయినా.

రాయి సంగతి నాకు అప్పుడే తెలుసు మామూ. పది రాళ్లలో శుభ్రంగా ఉన్నది అదొక్కటే. మీ చెయ్యి సూటిగా దాని మీదికే పోయింది. మీరు నాకోసం ఎప్పుడూ శుభ్రమైనదే చూపిస్తారు.

మొన్న వికారాబాద్ నుంచి బస్సులో వచ్చాను. మలుపులో తెల్ల గోడ కనపడింది. అలవాటుగా చెయ్యి లేవబోయింది, ఒళ్లో పెట్టుకున్నాను. గోడ దాటిపోయింది. ఇంకొంచెం దూరం పోయాక అవతలి కిటికీలోంచి మన సీతాఫలం పొదల గుట్ట కనపడుతుంది, మీకు తెలుసు. ఇన్నేళ్లూ నేను అటు వీపు పెట్టి కూర్చున్నాను.

లేచి నిలబడ్డాను. కండక్టర్ కూర్చోమన్నాడు. చెయ్యిని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. వాసన అలాగే ఉంది. ఆ చెయ్యే ఎత్తి సలాం చేశాను.

మీ ఇరమ్